జీవశాస్త్రాలలో డాక్టరేట్ అనంతర పరిశోధనావకాశాలు: ఎంపిక, కాలనిర్ణయం, సన్నాహం

సారాంశం

జీవశాస్త్రాలలో, వ్యవసాయ శాస్త్రాలలో పిహెచ్.డి. పూర్తిచేసిన అభ్యర్థులకు దేశంలోనూ విదేశాలలోనూ అనేక డాక్టరేట్ అనంతర పరిశోధనా ఫెలోషిప్పులు అందుబాటులో ఉన్నాయి. వీటిలో అధికభాగం అభ్యర్థి వయసుతోనో, పట్టం పొందిన తేదీతోనో ముడిపడి ఉంటాయి. ఆ గడువు ముగిస్తే అర్హత తిరిగి రాదు. అందువలన ఈ దశను ఉద్యోగం కోసం వేచి ఉండే కాలంగా కాక, కొత్త ప్రశ్నను, కొత్త పద్ధతిని స్వంతం చేసుకునే పరిమిత కాలంగా చూడవలసి ఉంది. ప్రధాన పథకాల స్వరూపం, వాటి కాలపరిమితులు, వ్యవసాయ పరిశోధనకు ప్రత్యేకమైన ఇబ్బందులు, దరఖాస్తుకు చేయవలసిన సన్నాహం ఈ వ్యాసంలో చర్చించబడ్డాయి.

కీలక పదాలు: డాక్టరేట్ అనంతర పరిశోధన, ఫెలోషిప్, ఆతిథ్య సంస్థ, కాలపరిమితి, జన్యువనరుల మార్పిడి

ఉపోద్ఘాతం

సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించిన వ్యవసాయ పరిశోధక విద్యార్థి ముందు సాధారణంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. నియామక ప్రకటన వెలువడే వరకు పోటీ పరీక్షలకు చదువుకోవడం ఒకటి. తెలిసిన ఆచార్యుల ప్రాజెక్టులో తాత్కాలికంగా చేరి నెలలు గడపడం రెండవది. ఈ రెండింటిలోనూ తప్పు లేదు. కుటుంబ పరిస్థితులు చాలామందికి మరో మార్గాన్ని మిగల్చవు. అయితే ఈ ఎదురుచూపు సాగుతున్న కాలంలోనే మరికొన్ని ద్వారాలు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయన్న సంగతి చాలామంది గమనించరు. గమనించేసరికి అర్హత గడువు ముగిసిపోయి ఉంటుంది.

డాక్టరేట్ అనంతర పరిశోధన అంటే మరో పట్టం కోసం చేసే చదువు కాదు. శాశ్వత ఉద్యోగమూ కాదు. పిహెచ్.డి.లో మార్గదర్శకుని పర్యవేక్షణలో పరిశోధన చేయడం నేర్చుకున్న వ్యక్తి, స్వంతంగా ఒక ప్రయోగశాలను లేదా పరిశోధనా కార్యక్రమాన్ని నడపగల శాస్త్రవేత్తగా మారడానికి మధ్యనున్న శిక్షణ దశ ఇది. సాధారణంగా 2 నుంచి 3 ఏళ్లు, కొన్ని సందర్భాలలో అంతకు మించి సాగుతుంది.

ఈ దశ ఇచ్చే ఫలం: ఎక్స్‌ఎ21 జన్యువు ఉదాహరణ

ఈ దశలో ఏమి నేర్చుకోవాలన్న ప్రశ్నకు తెలుగు నేలకు సంబంధించిన వరి వంగడమే మంచి సమాధానం చెబుతుంది. బాపట్ల పరిశోధనా స్థానం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) గింజ నాణ్యతలో రైతులకూ వినియోగదారులకూ ప్రీతిపాత్రమైంది. కానీ బాక్టీరియా ఎండాకు తెగులును అది తట్టుకోలేదు. ఈ లోపాన్ని సవరించడానికి హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.), వరి పరిశోధనా సంచాలకాలయం (నేటి భారతీయ వరి పరిశోధనా సంస్థ) కలిసి ఎక్స్‌ఎ21, ఎక్స్‌ఎ13, ఎక్స్‌ఎ5 అనే మూడు నిరోధక జన్యువులను జన్యుగుర్తుల సహాయంతో సాంబ మసూరిలోకి చేర్చాయి. ఆ విధంగా రూపొందిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది.

ఈ మూడింటిలో ఎక్స్‌ఎ21 ప్రయాణాన్ని గమనిస్తే డాక్టరేట్ అనంతర దశ విలువ స్పష్టమవుతుంది. ఈ జన్యువు ఆఫ్రికాకు చెందిన ఒరైజా లాంజిస్టామినేటా అనే అడవి వరి జాతి నుంచి వచ్చింది. దానిని సాగు వరిలోకి తెచ్చినది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం. ఖుష్ పిహెచ్.డి. చేసినది వరిపై కాదు, రై అనే ధాన్యపు పంటపై. 1960లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్)లో పట్టం పొందిన తర్వాత ఆయన 7 ఏళ్లు అక్కడే చార్లెస్ రిక్‌తో కలిసి టమాటా కణజన్యుశాస్త్రంపై పనిచేశారు. 1967లో వరి పరిశోధనకు మారినప్పుడు ఆయన వెంట వచ్చినది వరి అనుభవం కాదు. రెండు వేర్వేరు పంటలలో సాధన చేసిన జన్యుశాస్త్ర పద్ధతి.

అదే జన్యువు క్రోమోజోముపై ఎక్కడ ఉన్నదో నిర్ధారించే పని, కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ టాంక్స్‌లీ ప్రయోగశాలలో డాక్టరేట్ అనంతర పరిశోధకురాలిగా ఉన్న పమేలా రోనాల్డ్ చేపట్టారు. జన్యుపటాల నిర్మాణంలో ఆనాడు ముందున్న ప్రయోగశాలలలో అది ఒకటి. అక్కడ నేర్చిన పద్ధతితో, ఆరంభించిన సమస్యతో ఆమె 1992లో డేవిస్‌లో స్వంత ప్రయోగశాలను స్థాపించారు. 1995లో ఆమె బృందం ఎక్స్‌ఎ21ను వేరుచేసి, దాని నిర్మాణాన్ని ప్రకటించింది.

ఈ ఉదాహరణ నుంచి రెండు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, పిహెచ్.డి. అంశాన్నే పొడిగించడం కన్నా పంటనో పద్ధతినో మార్చుకోవడం ఎక్కువ ఫలితమిచ్చింది. రెండవది, డాక్టరేట్ అనంతర దశలో ఎత్తుకున్న ప్రశ్న ఆ దశతో ముగియలేదు. తరువాతి స్వతంత్ర పరిశోధనకు అదే పునాది అయింది. భౌతికశాస్త్రంలో 1976లో డాక్టరేట్ పొందిన వెంకట్రామన్ రామకృష్ణన్ మళ్లీ విద్యార్థిగా చేరి జీవశాస్త్రం చదివి, యేల్ విశ్వవిద్యాలయంలో పీటర్ మూర్ వద్ద డాక్టరేట్ అనంతర పరిశోధకునిగా రైబోజోముల అధ్యయనం ఆరంభించారు. 2009లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది ఆ రైబోజోముల నిర్మాణంపై చేసిన కృషికే.

దేశంలోని అవకాశాలు

దేశంలో ఈ దశకు ప్రధానంగా మూడు రకాల మార్గాలున్నాయి.

మొదటిది ప్రాజెక్టులలో రీసెర్చ్ అసోసియేట్ స్థానం. నిధులు ప్రాజెక్టుకు వస్తాయి. అభ్యర్థిని ప్రధాన పరిశోధకుడు ఎంపిక చేస్తాడు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2023 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన సవరణ ప్రకారం ఈ స్థానాల నెలసరి వేతనం మూడు శ్రేణులలో రూ. 58,000, రూ. 61,000, రూ. 67,000, దీనికి ఇంటి అద్దె భత్యం అదనం. ఈ మార్గంలో ప్రవేశం సులభం. కాని పరిశోధనాంశం అభ్యర్థిది కాదు. ప్రాజెక్టు ముగిసిన నాడు స్థానమూ ముగుస్తుంది.

రెండవది అభ్యర్థి పేరిట మంజూరయ్యే ఫెలోషిప్. నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ దీనికి ముఖ్య ఉదాహరణ. సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధనా మండలి ఆరంభించిన ఈ పథకం, ఆ మండలి స్థానంలో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ పరిధిలోకి చేరింది. కాలపరిమితి 2 ఏళ్లు. సాధారణ వయోపరిమితి 35 ఏళ్లు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు, దివ్యాంగులకు 5 ఏళ్ల సడలింపు ఉంది. ఫెలోషిప్‌తో పాటు పరిశోధన ఖర్చులకు కొంత నిధి కూడా లభిస్తుంది. బయోటెక్నాలజీ విభాగం నడిపే రీసెర్చ్ అసోసియేట్‌షిప్ కార్యక్రమాన్ని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సమన్వయపరుస్తోంది. జీవశాస్త్రాలకే ఉద్దేశించినది కావడం వలన వ్యవసాయ జీవసాంకేతిక విద్యార్థులు దీనిని తప్పక పరిశీలించాలి. కుటుంబ బాధ్యతల వలన పరిశోధనకు విరామమిచ్చిన మహిళలకు శాస్త్ర సాంకేతిక విభాగం వారి వైజ్-కిరణ్, బయోటెక్నాలజీ విభాగం వారి బయోకేర్ పథకాలు తిరిగి ప్రవేశించే మార్గాన్ని కల్పిస్తున్నాయి.

మూడవది స్వతంత్ర పరిశోధకునిగా నిలదొక్కుకునే ఫెలోషిప్. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ పథకం 5 ఏళ్ల పాటు వేతనాన్ని, పరిశోధనా నిధిని ఇస్తుంది. సాధారణ వర్గానికి 32 ఏళ్ల వయోపరిమితితో ఆరంభమైన పథకమిది. 2008లో మొదలై హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఇండియా అలయన్స్ సంస్థ జీవవైద్య రంగంలో ఇటువంటి ఫెలోషిప్పులనే అందిస్తోంది. విస్తరణ విద్య, వ్యవసాయ అర్థశాస్త్రం వంటి సామాజిక శాస్త్ర విభాగాలవారు భారతీయ సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్పును చూడవచ్చు.

వీటికి తోడు రాష్ట్రం దాటకుండానే అంతర్జాతీయ పరిశోధనా వాతావరణం లభించే అవకాశం పటాన్‌చెరులో ఉంది. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటలపై పరిశోధన సాగుతోంది. ఈ పంటలపై పిహెచ్.డి. చేసినవారికి అక్కడి విత్తన నిధి, జన్యుశాస్త్ర సదుపాయాలు అందుబాటులో ఉన్న పెద్ద వనరు.

విదేశీ ఫెలోషిప్పులు

విదేశాలలో అధికశాతం స్థానాలు ఆచార్యుల ప్రాజెక్టు నిధుల నుంచే భర్తీ అవుతాయి. ముఖ్యంగా అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థల వ్యక్తిగత పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్పులలో ప్రధానమైనది ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే పరిమితం. అందువలన భారతీయ అభ్యర్థి ప్రయోగశాల అధిపతికి నేరుగా లేఖ రాయడమే అక్కడ వాడుకలో ఉన్న పద్ధతి. అభ్యర్థి తనకు తానుగా పోటీపడగల ప్రధాన ఫెలోషిప్పులు ఇవి.

హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రాం: ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ కేంద్రంగా నడుస్తోంది. భారత్ 2006లో సభ్యదేశమైంది. ఫెలోషిప్ 3 ఏళ్లు. పిహెచ్.డి. అంశానికి భిన్నమైన కొత్త పరిశోధనను ప్రతిపాదించాలన్నది దీని ముఖ్య నియమం. భౌతిక, రసాయన, గణిత, కంప్యూటర్ శాస్త్రాల నుంచి జీవశాస్త్రంలోకి వచ్చేవారికి వేరుగా ఒక విభాగం ఉంది.

ఎంబో పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్: యూరప్ అణు జీవశాస్త్ర సంస్థ అందిస్తోంది. సంబంధిత అంతర్ ప్రభుత్వ సమాఖ్యలో భారత్ 2016 నుంచి అనుబంధ సభ్యదేశం. కాలపరిమితి 2 ఏళ్ల వరకు. పట్టం పొందిన 2 ఏళ్లలోపే దరఖాస్తు చేయాలి. ప్రథమ రచయితగా కనీసం ఒక పరిశోధనా పత్రం ఉండాలి.

మేరీ స్క్లొడొస్కా-క్యూరీ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్: యూరోపియన్ యూనియన్ నిధులతో నడుస్తోంది. దీని యూరోపియన్ విభాగానికి ఏ దేశీయులైనా అర్హులే. పట్టం తరువాతి పరిశోధనానుభవం 8 ఏళ్లు మించరాదు. గడువు తేదీకి ముందరి 36 నెలలలో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి నివసించి ఉండరాదు. ఫెలోషిప్ 1 నుంచి 2 ఏళ్లు. కుటుంబ భత్యానికి అవకాశముంది.

హంబోల్ట్ రీసెర్చ్ ఫెలోషిప్: జర్మనీలో పరిశోధనకు. పట్టం పొందిన 4 ఏళ్లలోపువారికి 6 నుంచి 24 నెలల వరకు లభిస్తుంది. ఏడాది పొడవునా దరఖాస్తులు స్వీకరించడం దీని సౌలభ్యం.

జపాన్ శాస్త్రాభివృద్ధి సంఘం ఫెలోషిప్: పట్టం పొందిన 6 ఏళ్లలోపువారికి 12 నుంచి 24 నెలలు. నెలకు 3,62,000 యెన్‌లు. జపాన్‌లోని ఆతిథ్య శాస్త్రవేత్త ద్వారా దరఖాస్తు చేరవలసి ఉంటుంది కనుక ఆయనతో పరిచయం ముందే ఏర్పడాలి.

ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్: పట్టం పొందిన 4 ఏళ్లలోపువారికి అమెరికాలో 8 నుంచి 24 నెలలు. పూర్తయిన పిమ్మట 2 ఏళ్లు స్వదేశంలో నివసించాలన్న నిబంధన వర్తిస్తుంది. దేశంలో ఉద్యోగం చేస్తూ వెళ్లి తిరిగి రావాలనుకునే శాస్త్రవేత్తలకు ఇది అనుకూలం.

పథకాల నియమాలు, మొత్తాలు మారుతుంటాయి. దరఖాస్తుకు ముందు ఆయా సంస్థల తాజా ప్రకటనను చదవడం తప్పనిసరి.

గడువుల లెక్క

పైన పేర్కొన్న అంకెలను ఒకచోట చేర్చి చూస్తేనే అసలు సమస్య బోధపడుతుంది. 30వ ఏట పట్టం పొందిన ఒక అభ్యర్థి మూడేళ్లు ఒక ప్రాజెక్టు నుంచి మరో ప్రాజెక్టుకు మారుతూ గడిపి, 33వ ఏట ఫెలోషిప్పుల గురించి ఆలోచించాడనుకుందాం. అప్పటికి ఎంబో అర్హత ముగిసి ఏడాది గడిచింది. హ్యూమన్ ఫ్రాంటియర్ గడువు ముగింపునకు వచ్చింది. హంబోల్ట్, ఫుల్‌బ్రైట్‌లకు ఒక్క ఏడాది మాత్రమే మిగిలింది. 32 ఏళ్ల వయోపరిమితి గల పథకాలు దాటిపోయాయి. నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్‌కు రెండేళ్లు మిగిలాయి. ఈ మూడేళ్లలో అతని ప్రతిభ తగ్గలేదు. అవకాశాల సంఖ్య తగ్గింది.

ప్రకటన నుంచి ఫలితానికి, ఫలితం నుంచి చేరికకు మధ్య చాలా నెలలు పడుతుంది. కనుక సన్నాహం సిద్ధాంత గ్రంథ సమర్పణకు కనీసం ఏడాది ముందే మొదలుకావాలి. ప్రథమ రచయితగా ఒక పత్రమైనా అప్పటికి ప్రచురణకు వెళ్లాలి. గడువును పట్టం తేదీ నుంచి లెక్కిస్తారు కనుక తాత్కాలిక పట్టా పత్రంపై ఉన్న తేదీని గుర్తుంచుకోవాలి. ప్రసూతి, శిశుసంరక్షణ విరామాలకు పలు అంతర్జాతీయ ఫెలోషిప్పులు గడువును పొడిగిస్తాయి. ఆ సడలింపును అడగడానికి మహిళా అభ్యర్థులు సంకోచించరాదు.

వ్యవసాయ పరిశోధనకు ప్రత్యేకమైన అంశాలు

ప్రయోగశాలలో కణాలపై పనిచేసేవారికి ఏ నెలలో చేరినా ఒకటే. పంటపై పనిచేసేవారికి అలా కాదు. 2 ఏళ్ల ఫెలోషిప్‌లో గరిష్ఠంగా రెండు ఖరీఫ్‌లు, రెండు రబీలు లభిస్తాయి. సెప్టెంబరులో చేరినవారికి పూర్తిగా దక్కే ఖరీఫ్ ఒక్కటే. సంకరణం చేసి, రెండుసార్లు పశ్చ సంకరణం జరిపి, ఆత్మపరాగ సంపర్కంతో స్థిరమైన మొక్కలను ఎంపిక చేయడానికి ఏడాదికి రెండు తరాల చొప్పున లెక్కించినా రెండేళ్లు పడుతుంది; క్షేత్ర పరీక్షలకు కాలం మిగలదు. కాబట్టి వంగడాన్ని రూపొందిస్తానని రాసే ప్రతిపాదన కన్నా, ఇప్పటికే ఉన్న వంశక్రమాలపై ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు సమాధానం కనుగొంటానని రాసే ప్రతిపాదన నిపుణులను ఎక్కువగా ఒప్పిస్తుంది.

రెండవ అంశం విత్తనాల, జన్యువనరుల మార్పిడి. పిహెచ్.డి.లో అభివృద్ధి చేసిన వంశక్రమాల విత్తనాన్ని పెట్టెలో పెట్టుకొని విదేశానికి తీసుకుపోవడం చట్టవిరుద్ధం. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ఇటువంటి బదిలీలు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలకు లోబడి జరగాలి. విదేశం నుంచి పరిశోధన కోసం విత్తనం తెచ్చుకోవాలంటే న్యూఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ దిగుమతి అనుమతి, క్వారంటైన్ పరీక్ష అవసరం. ఈ అనుమతులకు పట్టే కాలాన్ని ప్రతిపాదనలోని పనిపట్టికలో ముందే చేర్చాలి.

ఆతిథ్య ప్రయోగశాల ఎంపిక, దరఖాస్తు

దేశం పేరు, విశ్వవిద్యాలయ ప్రతిష్ఠ చూసి దరఖాస్తు చేయడం సాధారణంగా జరిగే పొరపాటు. చూడవలసినది ప్రయోగశాలను. అక్కడ పనిచేసి వెళ్లిన పరిశోధకులు ఇప్పుడు ఎక్కడున్నారు? వారి పేర్లు ప్రథమ రచయితలుగా పత్రాలలో కనిపిస్తున్నాయా? నిధి ఎంతకాలానికి ఉంది? వెళ్లేటప్పుడు పరిశోధనాంశంలో కొంత భాగాన్ని వెంట తీసుకుపోవడానికి అనుమతి ఉంటుందా? చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. స్వంత ప్రయోగశాలను ప్రారంభించే నాడు దాని విలువ తెలుస్తుంది. చేరకముందే ఈ సంగతులు అడగడం అమర్యాద కాదు. అక్కడ ప్రస్తుతం పనిచేస్తున్నవారితో విడిగా మాట్లాడడం కూడా మంచిది.

ఆచార్యునికి రాసే తొలి లేఖ ఒక పుట దాటరాదు. అభ్యర్థి చేసిన పని ఏమిటి, ఆ ప్రయోగశాల ప్రచురించిన ఏ ఫలితం తనను ఆకర్షించింది, దాని నుంచి తాను ఏ ప్రశ్నను ముందుకు తీసుకుపోదలచాడు అనే మూడు విషయాలు అందులో స్పష్టంగా ఉండాలి. వందమందికి ఒకే లేఖ పంపితే, ఆ సంగతి చదివేవారికి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. సిఫార్సు లేఖలు ఇచ్చే ఆచార్యులకు కనీసం నెల ముందు ప్రతిపాదన ప్రతిని అందజేయాలి. అభ్యర్థి పనిని ప్రత్యక్షంగా చూసినవారి లేఖకు, పదవిలో పెద్దవారి లేఖ కన్నా విలువ ఎక్కువ.

పరిమితులు, తిరిగి రాక

ఈ దశకు ప్రమాదాలూ ఉన్నాయి. డాక్టరేట్ అనంతర పరిశోధన ఉద్యోగానికి హామీ కాదు. రామకృష్ణన్ వంటివారు సైతం యేల్‌లో ఈ దశ ముగిసిన తర్వాత సుమారు 50 విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసి అధ్యాపక స్థానం పొందలేకపోయారు. ఒక ఫెలోషిప్ తర్వాత మరొకటిగా ఏళ్లు గడిచిపోయే అవకాశం ఉంది కనుక, ఎన్నేళ్లు, ఏ లక్ష్యం కోసం అన్నది చేరేనాడే నిర్ణయించుకోవాలి. ఏడాదికోసారి మార్గదర్శకునితో కూర్చొని ఆ లక్ష్యాన్ని సమీక్షించుకోవడం అవసరం.

విదేశాలకు వెళ్లినవారికి తిరిగి వచ్చే మార్గాలు ఉన్నాయి. రామానుజన్ ఫెలోషిప్, బయోటెక్నాలజీ విభాగం వారి రామలింగస్వామి రీఎంట్రీ ఫెలోషిప్ 5 ఏళ్ల పాటు దేశంలో స్వతంత్ర పరిశోధనకు తోడ్పడతాయి. రెండవది శ్రీకాకుళంలో జన్మించి, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా, భారతీయ వైద్య పరిశోధనా మండలికి అధిపతిగా పనిచేసిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి పేరిట ఏర్పడింది. ఎం.ఎస్. స్వామినాథన్ 1952లో కేంబ్రిడ్జిలో పిహెచ్.డి. పొంది, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బంగాళాదుంపపై డాక్టరేట్ అనంతర పరిశోధన చేశారు. అక్కడ అధ్యాపక పదవి ఇస్తామన్నా అంగీకరించక 1954లో స్వదేశానికి వచ్చారు. ఆనాడు ఆయన వెంట ఉద్యోగ నియామక పత్రం లేదు. జన్యుశాస్త్ర శిక్షణ ఉంది.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ఈ విషయంలో విస్తరణ శాస్త్రవేత్తలకు రెండు బాధ్యతలున్నాయి. పరిశోధక విద్యార్థులతో నిత్యం పరిచయంలో ఉండే కృషి విజ్ఞాన కేంద్రాల, కళాశాలల శాస్త్రవేత్తలు ఈ గడువుల సంగతిని వారికి సకాలంలో తెలియజేయగలరు. అంతకన్నా ముఖ్యమైనది ప్రశ్నను అందించడం. సాంబ మసూరిని రైతు ఇష్టపడుతున్నాడనీ, ఎండాకు తెగులు దానిని దెబ్బతీస్తోందనీ తెలిసినప్పుడే ఎక్స్‌ఎ21కు ఈ ప్రాంతంలో ప్రయోజనం సిద్ధించింది. క్షేత్రంలో గమనించిన సమస్యను స్పష్టంగా నమోదు చేసి పరిశోధకునికి ఇవ్వగలిగితే, అది ఫెలోషిప్ ప్రతిపాదనకు బలమైన పునాది అవుతుంది.

ముగింపు

డాక్టరేట్ అనంతర దశలో అభ్యర్థికి దొరికేది కొద్ది ఏళ్ల కాలం. అధ్యాపన బాధ్యతలు, పరిపాలనా వ్యవహారాలు మీదపడకముందు పూర్తిగా పరిశోధనకే కేటాయించగల ఇటువంటి కాలం వృత్తి జీవితంలో మళ్లీ లభించడం అరుదు. దానిని ఏ ప్రశ్నపై వెచ్చించాలన్న నిర్ణయం పిహెచ్.డి. చివరి ఏడాదిలోనే జరగాలి. ఆ ఏడాదిలో ఉన్న ప్రతి విద్యార్థీ, ప్రతి మార్గదర్శకుడూ ఒక కాగితంపై పట్టం రానున్న తేదీని, తగిన ఫెలోషిప్పుల గడువులను, చేయదలచిన పంట కాలాలను పక్కపక్కన రాసుకొని చూడడం సన్నాహంలో మొదటి మెట్టు.